ఓటమిని విక్రయించిన యంత్రములు

1942వ సంవత్సరము జనవరి మాసమున న్యూయార్కు నగరములో పిన్‌బాల్ యంత్రములు నిషిద్ధములయ్యెను. మిఠాయి అంగళ్లనుండియు, పానశాలలనుండియు పోలీసులు వేలకొలది యంత్రములను పట్టి తెచ్చిరి. నగరపు మేయరు ఫియొరెల్లో లా గార్డియా స్వయముగా సమ్మెట చేబూని వానిని పగులగొట్టుచు పత్రికలవారిచేత ఛాయాచిత్రములు తీయించుకొనెను. బడిపిల్లల జేబులలోని చిల్లర నాణెములను దోచుకొను జూదపు పెట్టెలని ఆయన అభియోగము. అది కేవలము నిరాధారమని చెప్పుటకు వీలులేదు. 1931లో చికాగో నగరమున డేవిడ్ గాట్లీబ్ తయారుచేసి అమ్మిన ‘బాఫిల్ బాల్’ మొదలుకొని ఆనాటి పిన్‌బాల్ యంత్రములందు ఆటగాడు చేయగలిగినది మిక్కిలి స్వల్పము. ఒక సెంటు నాణెము వేసి, స్ప్రింగు కడ్డీని లాగి విడిచి, మేకుల నడుమ ఒరసికొనుచు దిగు గోలీ ఏ గుంటలో పడునో చూచుచు నిలుచుట, మహా అయినచో పెట్టెను కొంచెము కుదుపుట. గోలీని తిరిగి పైకి కొట్టుటకు వీలిచ్చు రెక్కలు, అనగా ఫ్లిప్పరులు, 1947 వరకు రానేలేదు. ఆర్థికమాంద్యము అమెరికాను పీడించుచున్న ఆ దినములలో ఒక్క సెంటుకు ఐదో ఏడో గోలీలు దొరకుట పనిలేనివారికి పెద్ద కాలక్షేపమై, ఆ వ్యాపారము ఒకటి రెండేండ్లలోనే దేశమంతట వ్యాపించినది.

న్యూయార్కు నిషేధము 34 ఏండ్లు నిలిచెను. 1976లో పత్రికారచయిత రోజర్ షార్ప్ నగరసభాసంఘము ఎదుట యంత్రమును నిలిపి ఆడి చూపుచు, తాను ఇప్పుడు విడువబోవు గోలీ నడిమి దారిని పోవునని ముందుగా చెప్పి, అట్లే పోవునట్లు కొట్టెను. ఇది నైపుణ్యముతో కూడిన ఆటయే యని ఒప్పుకొని సభవారు నిషేధమును ఎత్తివేసిరి. నైపుణ్యమునకు సాక్ష్యముగా నిలిచిన ఆ దెబ్బ అదృష్టవశముననే తగిలినదని షార్ప్ తరువాతి కాలమున చెప్పుకొన్నాడు.

ఇట్టి విచారణ అంతకు తొమ్మిదేండ్ల పూర్వమే మన సికిందరాబాదు క్లబ్బొకదాని విషయమున జరిగియుండెను. డబ్బు పెట్టి రమ్మీ ఆడుచుండిన సభ్యులను పోలీసులు పట్టుకొనగా, వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, పట్టవలసినవానిని పట్టి, విడువవలసినవానిని విడుచు తెలివి కావలసియుండుటచేత రమ్మీ ప్రధానముగా నైపుణ్యక్రీడయే గాని మూడుముక్కలాటవలె కేవలజూదము కాదని 1967 నవంబరులో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. న్యూయార్కు సభవారును, ఢిల్లీ న్యాయమూర్తులును అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది నేర్పా, అదృష్టమా? చట్టమునకు ఆ ప్రశ్న అవసరమే కావచ్చును. కాని నాణెము చేత బట్టుకొని యంత్రము ముందు నిలిచినవాడు ఆ ప్రశ్న ఏనాడును వేసికొనలేదు. వాని మనస్సులో నుండునది వేరొక తలపు: ఇప్పుడు తప్పినది, ఈమారు తప్పదు.

ఆ తలపు పుట్టుటకు నేర్పును అదృష్టమును రెండును కావలెను. కేవలము అదృష్టమైనచో ఓటమి విధిపై పడును, ఓడినవానికి పశ్చాత్తాపము కలుగదు. కేవలము నేర్పైనచో చదరంగమునందువలె బలహీనుడు తన బలహీనతను గ్రహించి లేచి పోవును. ఈ రెంటి నడుమ ఒక ఇరుకు ప్రదేశమున్నది. అక్కడ ఓటమి తనదిగానే తోచును, అయినను మిక్కిలి చిన్నదిగా, వెంటనే దిద్దుకొనదగినదిగా తోచును. వీడియో గేముల చరిత్రలో తొలి భాగమంతయు, యంత్రనిర్మాతలు డబ్బుపెట్టె బరువు చూచుకొనుచు, చీకటిలో తడవుకొనుచు, ఆ ఇరుకుచోటికి చేరుకొన్న కథయే.

మన పాత ఆటలకు ఈ లక్షణము లేదు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆయా కాలముల వేడుకలను, ఆటలను శ్రద్ధతో ఏర్చి కూర్చిరి. అందలి జూదములును పందెములును ఎంత మనుష్యులను పాడుచేసినను ఒక్కొక్క ఆటకు ఒక ముగింపున్నది. పులిజూదమున మేకలు పులిని కట్టివేయును, లేదా పులి మేకలను మ్రింగివేయును. వైకుంఠపాళిలో పాము నోట బడినవాడు అది తన చేతకానితనమని భావింపడు, గవ్వలపై నెపము వేసి క్రిందికి దిగును. కొంతసేపటికి ఎవడో ఒకడు పరమపదము చేరును, పటము చుట్టి మూల పెట్టుదురు. చుట్టి మూల పెట్టుటకు వీలులేని ఆట యొకటి పుట్టవలెననినచో దానికి యంత్రము కావలసివచ్చినది. యంత్రమును పోషించుటకు నాణెము కావలసివచ్చినది.

తెరపై ఆడు ఆటకు తొలి మూర్తులు నాణెము లేకయే పుట్టినవి. 1958 అక్టోబరులో న్యూయార్కు రాష్ట్రమందలి బ్రూక్‌హేవెన్ జాతీయప్రయోగశాలను చూడవచ్చిన ప్రజలకు విసుగు కలుగకుండుటకై విలియం హిగిన్‌బాథమ్ అను భౌతికశాస్త్రవేత్త ఆసిలోస్కోపు తెరపై ఒక టెన్నిసు ఆటను అమర్చగా, తక్కిన ప్రదర్శనములను విడిచి జనులు దానిముందు బారులు తీరిరి. అణుబాంబు నిర్మాణమున ఎలెక్ట్రానిక్ యంత్రభాగములపై పనిచేసి, పిదప అణ్వాయుధనియంత్రణమునకై పాటుపడిన ఆ పెద్దమనిషి ఆ బొమ్మకు పేటెంటు తీసికొనవలెనని తలంపలేదు. 1962లో మసాచుసెట్సు సాంకేతికవిద్యాసంస్థలో స్టీవ్ రసెల్ ప్రభృతులు సమకూర్చిన ‘స్పేస్‌వార్’ అను అంతరిక్షనౌకల యుద్ధము విద్యార్థులను రాత్రులందు మేలుకొలిపినది. కాని అది ఆడు పీడీపీ-1 కంప్యూటరు ధర సుమారు 1,20,000 డాలర్లు. అంత ధర గల యంత్రమును పానశాలలో నిలుపు వర్తకుడెవడు?

ఆ ఆటను చూచి, దానిని నాణెపు పెట్టెలో ఇముడ్చవలెనని ఆశించినవాడు నోలన్ బుష్నెల్. యూటా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు వేసవి సెలవులలో వినోదోద్యానమున పనిచేసిన అతనికి ఇంజనీరింగు విద్యతోపాటు, దారిని పోవువానిని నిలుపుట ఎట్లో కూడ తెలియును. అయినను 1971లో అతడు చేసిన మొదటి యంత్రము ‘కంప్యూటర్ స్పేస్’ అంతగా నడువలేదు. మీటలు పలుమార్లు నొక్కవలసియుండుట, నియమముల పట్టిక చదువవలసియుండుట, మద్యము ముందు పెట్టుకొన్నవానికి రుచింపలేదు. మరుసటి సంవత్సరము టెడ్ డాబ్నీతో కలిసి అతడు అటారీ కంపెనీని స్థాపించి, అలన్ ఆల్కార్న్ అను యువకుని చేత, అభ్యాసమునకై అన్నట్లు, ఒక బంతియాటను చేయించెను. అదియే ‘పాంగ్’. ఆడువానికి కావలసిన నియమమంతయు ఒక్క వాక్యములో ఇమిడినది: బంతిని తప్పిపోనీయకుము.

ఆల్కార్న్ చేసిన రెండుమూడు చిన్న పనులను ఇక్కడ నిదానముగా చూడవలెను. బ్యాటును ఎనిమిది భాగములుగా విభజించి, ఏ భాగమునకు తగిలినచో ఆ కోణమున బంతి మరలునట్లు చేసెను. అందుచేత తెలివిగలవాడు బంతిని తాను కోరిన వైపునకు పంపగలడు. ఇరువురును విడువక కొట్టుచుండిన కొలది బంతి వేగము పెరుగును. ఇంకొకటి మరింత ముఖ్యము. ఆ బ్యాటు తెర పైయంచువరకు పోదు. అది విద్యుద్వలయమందలి లోపము. దిద్దుట కష్టము కాదు, కాని దిద్దినచో నేర్పరులిద్దరు ఒకే నాణెముతో ఎంతసేపైనను ఆడుచుందురు. కావున ఆల్కార్న్ దానిని అట్లే విడిచెను. ఎంతటివానికైనను అందని ఒక సందు ఆ ఆటలో శాశ్వతముగా నిలిచినది. 1972లో కాలిఫోర్నియాయందలి సన్నీవేల్ ఊరిలో ఆండీ క్యాప్స్ అను పానశాలయందు ఆ యంత్రమును నిలిపిన కొన్ని దినములకు అది చెడిపోయినదని కబురు వచ్చెను. ఆల్కార్న్ పోయి మూత విప్పి చూడగా లోపల నాణెములు నిండి పొంగి పనిని ఆపివేసినవి.

పాంగ్ తరువాతి ఐదారేండ్లు అనుకరణముల కాలము, దానిని గూర్చి చెప్పవలసినది తక్కువ. ఆనాటి యంత్రములలో చాలవానియందు నాణెమునకు ప్రతిఫలము కాలము: తొంబది సెకండ్లు, రెండు నిమిషములు, అంతే. ఆట బాగుగా ఆడినను ఆడకున్నను గడియారము ఒక్కటే. ఈ పద్ధతిని మార్చినది జపాను. 1978లో టైటో కంపెనీలో తొమొహిరో నిషికాదో ఇంచుమించు ఒంటరిగా యంత్రమును, ప్రోగ్రామును, బొమ్మలను కల్పించి ‘స్పేస్ ఇన్‌వేడర్స్’ అను ఆటను విడుదలచేసెను. ఇందులో నాణెము కొనిపెట్టునది కాలము కాదు, ప్రాణములు. పిన్‌బాల్ ఆటలో ఒక నాణెమునకు ఇన్ని గోలీలు అను ఆచారమే ఇక్కడ మూడు ప్రాణములైనది. ప్రాణము నిలుపుకొన్నంతసేపు ఆడవచ్చును. ఈ మార్పుతో కాలమునకు యజమాని గడియారము గాక ఆటగాడే అయ్యెను. ఓటమికి బాధ్యుడును అతడే అయ్యెను. నా మట్టుకు ఈ వ్యాపారచరిత్రలో ఇంతకంటె పెద్ద ఘట్టము మరొకటి కానరాదు.

ఆ ఆటలో 55 మంది గ్రహాంతరవాసులు బారులు తీరి, నాలుగు మంద్రస్వరముల మ్రోతతో అడుగడుగునకు క్రిందికి దిగివచ్చుచుందురు. ఆనాటి ప్రాసెసరుకు అన్ని బొమ్మలను గీయుట భారము. శత్రువులు చచ్చినకొలది భారము తగ్గి మిగిలినవారు వేగముగా కదలసాగిరి. నిషికాదో దీనిని చూచి దోషమని తొలగింపక, ఆటకు ఇదియే జీవమని గ్రహించి ఉంచెను. గెలుపు దగ్గరపడినకొలది అపాయము పెరుగును. కట్టకడపటివాడు అందరికంటె వేగముగా పరుగెత్తును. వాడు తప్పించుకొన్నప్పుడు కలుగు ఉక్రోషము మొదటివాడు తప్పించుకొన్నప్పటికంటె ఎన్నో రెట్లు. వానిని కొట్టినను ఆట ముగియదు, మరియొక బారు కొంచెము క్రిందినుండి బయలుదేరును. జపానులో కాఫీ హోటళ్ల బల్లలకే ఈ తెరలను బిగించిరి. నూరు యెన్‌ల నాణెములు దేశములో కరవైనవను కథ లోకమున మిక్కిలి ప్రచారములో నున్నది గాని, ఆ యేండ్ల నాణెముల ముద్రణ లెక్కలు దానిని బలపరుపవు. ఇట్టి కథలు పుట్టుటయే ఆ జ్వరమునకు నిదర్శనము.

మరుసటి సంవత్సరము అటారీవారి ‘ఆస్టరాయిడ్స్’ ఆట అధికముగా గెలుచుకొన్నవానిచేత పేరులోని మూడక్షరములు వ్రాయించుకొనుట అలవాటుచేసినది. అంగడి మూసి విద్యుత్తు ఆపినచో చెరిగిపోవు కీర్తి అది. అయినను మూడక్షరములకై కుర్రవాండ్రు పోసిన నాణెములకు పాత పెట్టెలు చాలక, యంత్రములు నడుపువారు పెద్ద పెట్టెలు అమర్చుకొనవలసివచ్చెను. ఇంతవరకు యంత్రముతో పోరాడినవాడు ఇప్పుడు తన పేటలోని తెలియని మరియొకనితో పోరాడసాగెను.

1980లో నాంకో కంపెనీలో తోరు ఇవాతాని ‘ప్యాక్‌మ్యాన్’ను సృష్టించెను. కాల్పులతో నిండిన ఆటశాలలకు స్త్రీలు రాకుండుట గమనించి, తినుట అను వ్యాపారమును ఆధారముగా గొని అతడీ ఆటను కల్పించెను. వెన్నాడు నాలుగు దయ్యములకు నాలుగు స్వభావములు: ఒకటి వెనుకనే తరుమును, ఒకటి ముందుకు పోయి కాచుకొనును, ఒకటి చంచలము, ఒకటి ఏమియు ఎరుగనట్లు నటించును. నాలుగును ఏకకాలమున ఎల్లప్పుడు మీదపడినచో ఆటగాడు విసిగిపోవునని, నడుమ నడుమ అవి వెనుదిరిగి తమ తమ మూలలకు పోవునట్లు ఇవాతాని ఏర్పరచెను. ఆ కొన్ని సెకండ్ల విశ్రాంతి లేనిచో అంత భయమును ఎవడును కొని తెచ్చుకొనడు. ఒక పెద్ద చుక్కను మ్రింగినచో కొంతసేపు పాత్రలు తారుమారై, తరుమబడినవాడే తరుముట మొదలిడును. మెట్లు ఎక్కినకొలది ఆ అధికారము కురచయగుచు తుదకు లేకయే పోవును.

ఇది కల్పనాశిల్పము. దీని వెనుక వర్తకశిల్పము మరియొకటి కలదు. పెట్టె తలుపు తెరచినచో లోపలి పలకపై చిన్న చిన్న మీటలుండెడివి. ఒక నాణెమునకు ఎన్ని ప్రాణములు, పదివేల మార్కులకు అదనపు ప్రాణమీయవలెనా లేక ఇరువదివేలకా లేక అసలే వలదా అను విషయములను అంగడివాడే నిర్ణయింపవచ్చును. వంటవాడు ఉప్పు సరిచూచుకొన్నట్లు అతడు వారము వసూలు చూచుకొని ఆ మీటలను అటునిటు త్రిప్పెడివాడు. వారమునకు పెట్టెలో పడిన సొమ్మే ఆటకు విమర్శకుడు. మసాచుసెట్సు సాంకేతికవిద్యాసంస్థలో చదువుచు వసతిగృహములలో యంత్రములు నిలిపి ఆర్జించుచుండిన డగ్ మెక్రే, కెవిన్ కరన్ అను విద్యార్థులు ‘మిసైల్ కమాండ్’ ఆట వసూళ్లు కొంతకాలమునకు పడిపోవుట చూచి కారణము వెదకిరి. ఆట పాతబడుట కాదు, ఆటగాండ్రు ఆరితేరుట కారణము; ఒక్క నాణెముతో గంటలకొలది నిలుచువారు దాపురించిరి. వెంటనే వారు ఆటను కఠినము చేయు అదనపు పలకను చేసి 1981లో ఇతరులకును అమ్మిరి. అటారీ వ్యాజ్యము వేసినది. తుదకు రాజీపడి వారినే పనికి పెట్టుకొన్నది. మరుసటి యేడు వచ్చిన ‘మిస్ ప్యాక్‌మ్యాన్’ వారి చేతి పనియే.

ప్యాక్‌మ్యాన్‌కును అదే రోగము పట్టియుండెను. దయ్యములు ఎల్లప్పుడు ఒకే సూత్రము ననుసరించుటచేత, కంఠస్థము చేసిన దారిని తప్పక నడచువానిని అవి తాకలేవు. పేకముక్కల లెక్క కట్టి జూదశాలలను ముంచినవాడని పేరుపడిన కెన్ అస్టన్ ఆ దారులను గూర్చి పుస్తకమే ప్రకటించెను. కావున మిస్ ప్యాక్‌మ్యాన్‌లో దయ్యముల నడకయందు కొంత యాదృచ్ఛికతను కలిపిరి. లా గార్డియా సమ్మెటతో కొట్టిన అదృష్టము, నేర్పుతో విసిగిన వర్తకుల చేతిమీదుగా, ఇట్లు వెనుకద్వారమున తిరిగి వచ్చినది.

1981లో అమెరికనులు ఈ యంత్రములలో వేసిన పావుడాలరు నాణెములు 2,000 కోట్లని ‘టైమ్’ పత్రిక మరుసటి జనవరిలో లెక్క వ్రాసెను. పెద్దలు కలతపడుటలో వింత లేదు. బ్రిటిషు పార్లమెంటులో జార్జి ఫౌక్స్ అను సభ్యుడు స్పేస్ ఇన్‌వేడర్స్ మొదలగు ఆటలను నియంత్రించు బిల్లును ప్రతిపాదింపగా 1981 మేలో అది 94కు 114 ఓట్లతో వీగిపోయెను. ఫిలిప్పీనులలో అధ్యక్షుడు మార్కోస్ ఆ యేటి నవంబరులో వీడియో గేములనే నిషేధించెను. అమెరికా సర్జన్ జనరల్ సి. ఎవరెట్ కూప్ 1982లో ఇవి పిల్లల తనువును మనస్సును బానిసలను చేయుచున్నవని పలికి, మరునాడే ఇది శాస్త్రనిర్ణయము కాదు, తన సొంత అభిప్రాయమని సవరించుకొనెను.

శాస్త్రజ్ఞులు నెమ్మదిగా వచ్చిరి. థామస్ మలోన్ 1980లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున సమర్పించిన పరిశోధనకై, బంతితో ఇటుకగోడను కూల్చు ‘బ్రేకవుట్’ ఆటను భాగములుగా విప్పి, ఒక్కొక్క అంగము తీసివేసిన రూపములను ఆడించి చూచెను. మార్కుల పట్టికకంటెను, బంతి మరలుటకంటెను, సగము కూలిన ఇటుకగోడ కంటికి కనబడుచుండుటయే అధికముగా పట్టి ఉంచినదని తేలినది. మిగిలిన ఇటుకలను విడిచి లేచి పోవుటకు మనస్సొప్పదు. 1983లో లాఫ్టస్ దంపతులు, జెఫ్రీ, ఎలిజబెత్ అను మనోవిజ్ఞానవేత్తలు, ఈ ఆటలపై వ్రాసిన గ్రంథమున, పావురములకు ఎప్పుడు గింజ పడునో తెలియనీయకుండ మీట నొక్కించిన బి.ఎఫ్. స్కిన్నరు సిద్ధాంతమును ప్రస్తావించుచు, దానికి ఓడినవాని పశ్చాత్తాపమును జోడించిరి: తప్పు చేసితినని తెలిసినవానికి దానిని దిద్దుకొను అవకాశము ఇంకొక నాణెము దూరమున నున్నది. 1998లో లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రివారు, శకటమును నడుపు ఆట ఆడుచున్నవారి మెదడులో డోపమిన్ అను రసాయనము విడుదలయగుటను, మెదడును చిత్రించు పెట్ యంత్రముతో చూపిరి. ఈ చివరి పరిశోధనను చాలమంది అన్నిటికి సమాధానముగా ఎత్తి చూపుదురు. నాకంత నమ్మకము లేదు. మంచి భోజనమునకును విడుదలయగు పదార్థము, ఈ ఆటనే మనుష్యుడు విడువలేకుండుటకు కారణమును పూర్తిగా చెప్పజాలదు.

నేనింతవరకు నాణెమునకే కీర్తియు నిందయు కట్టబెట్టితిని. దీనికి పెద్ద ఆక్షేపణమొకటి మాస్కోనుండి వచ్చుచున్నది. 1984లో సోవియెట్ విజ్ఞానపరిషత్తు కంప్యూటరు కేంద్రమున అలెక్సీ పాజిత్నొవ్ ‘ఎలెక్ట్రోనికా 60’ యంత్రముపై, బొమ్మలు గీయు శక్తి లేని ఆ తెరపై కుండలీకరణచిహ్నములతో గడులు కట్టి ‘టెట్రిస్’ను చేసెను. అచ్చట నాణెము లేదు, అంగడి లేదు, వసూలు లేదు; 1996 వరకు కర్తకు రాయల్టీ కూడ లేదు. అయినను తాను చేసిన ఆటను తానే విడువలేకపోయెను, సహోద్యోగులును విడువలేకపోయిరి. పై నుండి పడు ముక్కలు, క్రింద పేరుకొను గోడ. సరిగా అమర్చిన వరుస మాయమగును, పొరపాటు మాత్రము కంటి యెదుట నిలిచియుండును. ఎంతటి నేర్పరికైనను ఇందులో కడపట ఓటమి తప్పదని గణితజ్ఞులు 1990 దశకమున నిరూపించిరి. వంకర ముక్కలు కుడివియు ఎడమవియు ఒకదాని తరువాత నొకటిగా చాలకాలము వచ్చినచో ఏ ఉపాయమును పనిచేయదు. 2000లో హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందము ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన వృత్తాంతము మరింత చిత్రమైనది. క్రొత్త సంగతి ఏదియు జ్ఞాపకము నిలువని రోగులచేత టెట్రిస్ ఆడింపగా, ఆట ఆడిన సంగతినే మరచినవారిలో కొందరు నిద్ర పట్టు వేళ ముక్కలు పడుచున్నట్లు కనిరి.

కావున ఈ మోహమును నాణెము సృష్టింపలేదు. అది మనుష్యునిలో మునుపే యున్నది. ఇరువది యేండ్లు వేలాది అంగళ్లలో దానిని వెదకి, కొలిచి, దానికి ధర కట్టినది మాత్రము నాణెమే. పాజిత్నొవ్ ఒక్క గదిలో కనుగొన్నదానిని వర్తకులు పెట్టె బరువుతో కనుగొనిరి.

నాణెము తొలగినప్పుడు ఏమి జరిగెనో చూచినచో ఈ మాట స్పష్టపడును. 1983లో జపానులో నింటెండోవారి ఫామికాం అను ఇంటి ఆటయంత్రము, 1985లో అమెరికాలో దాని రూపాంతరము, ఇండ్లలోనికి వచ్చినవి. మూల్యము ఒక్కమారే చెల్లించినవానిని మూడు నిమిషములలో ఓడించి పంపుటవలన కంపెనీకి లాభము లేదు. ‘సూపర్ మారియో బ్రదర్స్’కు చివర రాకుమారి యున్నది, ‘జెల్డా’ ఆటలో నిన్న ఆపినచోటినుండి నేడు కొనసాగింపవచ్చును. ఆటకు కథ వచ్చెను, గమ్యము వచ్చెను, ముగింపు వచ్చెను. మన పట్టణములలో 1990 దశకమున వెలసిన వీడియో గేము పార్లర్లలో గంటకు ఇంత అని వసూలు చేసెడివారు. పిల్లవాడు గెలిచినను ఓడినను పార్లరు యజమానికి ఒక్కటే. గడియారమువంక చూచుటతో అతని పని తీరును. ‘అన్నా, ఈ ఒక్క స్టేజి’ అని కుర్రవాడు బ్రతిమాలుట, వెనుక నిలిచినవాడు సణుగుట, ఇవి తప్ప ఆ వ్యాపారమున కపటము స్వల్పము.

చరవాణి రాకతో నాణెము తిరిగి వచ్చినది. ఆట ఉచితమే, కాని 2009నాటి ‘ఫార్మ్‌విల్’లో వేళకు తిరిగి రానివాని పంట వాడిపోయెడిది. 2012నాటి ‘క్యాండీ క్రష్’లో ప్రాణములు ఐదు; పోయిన ప్రాణము తిరిగి వచ్చుటకు అరగంట కాచుకొనవలెను, లేదా సొమ్ము చెల్లింపవలెను. పూర్వము ఆటను అమ్మిరి, ఇప్పుడు ఎదురుచూపునుండి విముక్తిని అమ్ముచున్నారు. అంగడివాడు తలుపు తెరచి త్రిప్పిన మీటలు ఇప్పుడు దూరమందలి సర్వరులలో నున్నవి. జపానులో నాణెము వేసినచో ఏదో ఒక బొమ్మను జార్చు గుళికల పెట్టెల ననుసరించి ‘గాచా’ అను పద్ధతి ఆటలలోనికి వచ్చి, బొమ్మల సంపూర్ణసముదాయమును కూర్చినవానికే పెద్ద బహుమానమను రూపము తాల్చగా, 2012లో అచ్చటి ప్రభుత్వము ఆ రూపమును నిషేధించెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ గేమింగు వ్యసనమును వ్యాధుల పట్టికలో చేర్చి 2022 జనవరినుండి అమలుపరచినది. తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశము 2020లో ఆన్‌లైన్ పందెపు ఆటలను, రమ్మీతో సహా, నిషేధించినవి. 2025లో భారత పార్లమెంటు చేసిన చట్టము, సొమ్ము ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆట యేదైనను, నేర్పుదైనను అదృష్టముదైనను, కూడదని శాసించినది.

సొమ్ము ఒడ్డని ఆటల సంగతి వేరు. 1989లో నింటెండోవారు చేసిన టెట్రిస్ ప్రతిలో 29వ మెట్టుకు వచ్చుసరికి ముక్కలు పడు వేగము మనుష్యహస్తమునకు మించినదని చిరకాలము అందరును తలంచిరి. క్రొత్త తరమువారు మీటను వ్రేలితో నొక్కుటకు మారుగా, వెనుకనుండి వ్రేళ్లన్నిటితో వరుసగా తట్టు ఉపాయము కనిపెట్టి ఆ హద్దును చాల దూరము దాటి పోయిరి. 2023 డిసెంబరు 21న ఓక్లహోమా రాష్ట్రమునకు చెందిన 13 ఏండ్ల బాలుడు 157వ మెట్టు చేరగా, లెక్కలు తట్టుకొనలేక ప్రోగ్రామే స్తంభించి తెర నిశ్చలమైనది. ముప్పదినాలుగేండ్లలో ఆ ఆటను ఈ విధముగా ముగించిన మొదటి మనుష్యుడు అతడే. అంతట తక్కిన ఆటగాండ్రు అట్లు స్తంభింపకుండ ఆ ప్రోగ్రామును సవరించుకొనిరి. 2024 అక్టోబరులో మరియొక యువకుడు ఆ సవరించిన ప్రతిపై 255వ మెట్టు దాటగా లెక్క తిరిగి సున్నకు వచ్చెను, ముక్కలు మరల మొదటివలె నెమ్మదిగా పడసాగినవి, అతడు ఆడుచునే యుండెను.